గాలిపటం కాదు, గాలి పటం

(డాలస్ పరిసరాల్లోని తెలుగు శ్రోతల కోసం ఒక ఆదివారం ఉదయం రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం చెప్పగానే కార్యక్రమం నడిపే మిత్రుడు "గాలిపటాలా? సంక్రాంతి ఎప్పుడో అయిపోయిందిగా!" అన్నారు. గాలిపటం కాదండీ, గాలి పటం. అంటే, భూమ్మీద ఎక్కడ ఎంత గాలి వీస్తుందో చూపించే మ్యాపు. కంటికి కనపడని గాలికి మ్యాపు ఎలా గీస్తారు, ఎవరు గీశారు, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్న మూడు సంగతులూ ఈ కాస్త సమయంలో చెప్పే ప్రయత్నం చేస్తాను. మూడోది మన ఇళ్ళ దాకా వచ్చే సంగతి. కాబట్టి మధ్యలో కాఫీకి లేచినా, చివరికి తిరిగొచ్చి వినండి.

ముందే ఒక మాట చెప్పాలి. నేను వాతావరణ శాస్త్రవేత్తని కాను. ఇక్కడ మీలో చాలామందిలాగే ఎమ్మెస్ చేసి, ఐటీ కన్సల్టెంటుగా ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకి తిరిగేవాణ్ణి. ఆ తిరుగుళ్ళలో ఒక రెండేళ్ళు గాలి లెక్కల డేటాతో పని చేశాను. రాత్రంతా కంప్యూటర్లు కక్కే ఆ అంకెలేమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువు ఇంకా వదల్లేదు.

నిజానికి గాలి లెక్క మన వాళ్ళకి కొత్తేం కాదు. నూర్పిళ్ళప్పుడు ధాన్యం తూర్పారబట్టడం మీలో కొందరైనా చూసే ఉంటారు. చేట ఎత్తి పట్టి గింజలు జారవిడిస్తే, గింజ కింద పడుతుంది, పొల్లు గాలికి పోతుంది. అందుకే కళ్ళాన్ని చెట్ల చాటున కాకుండా, నాలుగు వైపుల నుంచీ గాలి తగిలే మెరక మీద చేసుకునేవారు. ఏ పూట ఏ వైపు నుంచి గాలి వస్తుందో చూసి నిలబడేవారు. ఇవాళ టర్బైన్లు పెట్టే కంపెనీ చేసేదీ ఆ పనే. కాకపోతే కళ్ళానికి చోటు కుదరకపోతే ఇంకో చోటికి మారొచ్చు. కోట్లు పోసి నిలబెట్టిన టర్బైనుని మార్చలేం.

ఆ చోటు విషయంలో అంత పట్టుదల ఎందుకో చెబుతాను. గాలిలో ఉండే శక్తి దాని వేగాన్ని బట్టి మామూలుగా పెరగదు. వేగాన్ని మూడుసార్లు హెచ్చించిన లెక్కన పెరుగుతుంది. సెకనుకి 6 మీటర్ల గాలి ఉందనుకోండి, 6 ఇంటూ 6 ఇంటూ 6, అంటే 216. అదే 7 మీటర్లయితే 343. వేగం పెరిగింది ఒక్క మీటరే, శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. మొహానికి తగిలే గాలిలో మనకి ఆ తేడా తెలియను కూడా తెలియదు. టర్బైను ఆ శక్తినంతా పట్టుకోలేదనుకోండి. సుమారు 3 మీటర్ల దగ్గర తిరగడం మొదలుపెట్టి, 12 దగ్గర పూర్తి సామర్థ్యానికి చేరి, 25 దాటితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అయినా సరే, ఆ ఒక్క మీటరు మీదే ప్రాజెక్టు లాభమా నష్టమా అన్నది తేలిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు ఊళ్ళనుకోండి. ఒక ఊళ్ళో రోజంతా నిలకడగా 6 మీటర్ల గాలి. రెండో ఊళ్ళో సగం రోజు 12 మీటర్లు, మిగతా సగం రోజు ఆకు కదలదు. రెండింటికీ సగటు 6. కానీ శక్తి లెక్క కడితే రెండో ఊళ్ళో వీచే గాలిలో మొదటి ఊరికి నాలుగు రెట్లు ఉంటుంది. కాబట్టి సగటు గాలి ఎంతో తెలిస్తే చాలదు, ఏ గంటకి ఎంతో తెలియాలి. అదీ ఒక్క రోజుకి కాదు, ఏళ్ళ తరబడి తెలియాలి.

అలా ప్రపంచమంతా కొలిచిపెట్టిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు గానీ, వాళ్ళు కొలిచింది మనకి కావలసిన ఎత్తులో కాదు. వాతావరణ కేంద్రాల్లోనూ విమానాశ్రయాల్లోనూ గాలిని కొలిచేది నేల నుంచి 10 మీటర్ల ఎత్తున. టర్బైను ఇరుసు ఉండేది 100 మీటర్లు, ఆపైన. మామూలు నేల మీద 10 మీటర్ల ఎత్తులో 5 ఉన్న గాలి 100 మీటర్ల దగ్గర సుమారు 7 అవుతుందని ఒక ముతక లెక్క. మన టెక్సస్‌లోనే చూడండి. పడమటి టెక్సస్ మైదానాల్లో చాలా రాత్రులు పెరట్లో ఉక్కగా ఉంటుంది, పైన మాత్రం గాలి ఏరులా పారుతూ ఉంటుంది. ముతక లెక్క అలాంటి చోట పనికిరాదు.

మన దేశంలో ఈ కొలతల పని గురించి చెప్పుకుంటే, అన్నా మాణి గారి పేరు తలుచుకోకపోతే తప్పవుతుంది. 1918లో అప్పటి తిరువాన్కూరు సంస్థానంలో పుట్టారు. సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేసి, భారత వాతావరణ శాఖలో కొలత పరికరాలు మన దగ్గరే తయారయ్యేలా చేశారు. రిటైరయ్యాక దేశంలో గాలి ఎక్కడ ఎంతుందో కొలిచి, లెక్కలు సంపుటాలుగా అచ్చువేయించే పని నెత్తికెత్తుకున్నారు. మన దేశపు గాలిమరలకి పునాది ఆ కొలతలే.

ప్రపంచం మొత్తానికి అలాంటి ప్రయత్నం 2005లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టీనా ఆర్చర్, మార్క్ జేకబ్సన్ చేశారు. 7,753 నేల కేంద్రాలు, బెలూన్లు ఎగరేసే మరో 446 కేంద్రాల లెక్కలు తీసుకుని, 80 మీటర్ల ఎత్తులో గాలి ఎంత ఉంటుందో అంచనా కట్టారు. ఎనిమిది వేల కేంద్రాలంటే చాలా అనిపిస్తుంది. కానీ అవన్నీ భూమ్మీద సమానంగా పరుచుకుని లేవు. అమెరికాలో, ఐరోపాలో కిక్కిరిసి ఉంటాయి, ఆఫ్రికాలో వందల మైళ్ళకి ఒకటి ఉండదు. సముద్రం మీద సంగతి సరేసరి. కొలతలు లేని ఆ ఖాళీలని నింపడానికే కంప్యూటర్ మోడళ్ళు కావలసి వచ్చాయి.

మోడల్ అంటే ఏమిటో చెప్పాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ల్యూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన ఫ్రాన్సులో అంబులెన్సు నడిపేవాడు. గాయపడ్డవాళ్ళని మోస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా కాగితం మీద వాతావరణాన్ని లెక్క కట్టేవాడు. భూమిని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, పీడనం, వేడి, తేమ ఎంతో రాసుకుని, పక్క గడి ప్రభావం కలిపి, కొన్ని గంటల తరవాత ఎలా ఉంటుందో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కించాలన్నది ఆయన ఆలోచన. ఆరు గంటల వాతావరణం లెక్క కట్టడానికి ఆరు వారాలు పట్టిందట. వచ్చిన జవాబు కూడా ఘోరంగా తప్పింది. ఆ కాగితాలు యుద్ధంలో పోయి, కొన్ని నెలల తరవాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికాయి. 1922లో ఆయన ఆ తప్పు జవాబుని దాచకుండా, ఉన్నదున్నట్టు పుస్తకంలో అచ్చువేశాడు. ప్రపంచం మొత్తానికి వాతావరణంతో పాటు పరుగెత్తాలంటే 64,000 మంది ఒక పెద్ద హాల్లో కూర్చుని లెక్కలు చెయ్యాలని కూడా రాశాడు.

ఆ హాలు కట్టలేదు గానీ, కంప్యూటర్ వచ్చింది. 1950లో ఎనియాక్ అనే యంత్రం మీద ఒక రోజు వాతావరణాన్ని లెక్కించడానికి ఇంచుమించు ఒక రోజే పట్టింది. అప్పటి నుంచి యంత్రాలు మారాయి గానీ, గళ్ళ ఆలోచన మాత్రం రిచర్డ్‌సన్‌దే.

వాతావరణ మోడల్ రేపటిని చెబుతుందని మనందరికీ తెలుసు. గాలి పటం గీసేవాళ్ళు దాన్ని వెనక్కి తిప్పుతారు. గడిచిపోయిన ఏళ్ళలో ఉపగ్రహాలు, ఓడలు, విమానాలు, బెలూన్లు కొలిచినవన్నీ మోడల్‌కి ఇచ్చి, "వీటన్నిటితో సరిపోయేలా ఆ గంటలో భూమ్మీద గాలి ఎలా ఉండి ఉంటుంది?" అని అడుగుతారు. యూరప్ దేశాలు కలిసి నడుపుతున్న వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ5 అనే భాండాగారం ఇలాంటిదే. 1940 నుంచి నేటి వరకు, గంట గంటకీ, భూమి మొత్తానికీ లెక్కలు ఉంటాయి.

అందులో ఒక్కో గడి సుమారు 30 కిలోమీటర్లు. అంటే ఒక గడిలో మన మండలం మొత్తం ఇమిడిపోతుంది. ఆ గడికంతటికీ గాలి అంకె ఒక్కటే. క్లాసు సగటు మార్కులు చూసి మీ అబ్బాయికి ఎన్ని వచ్చాయో చెప్పగలమా? ఇదీ అంతే. ఆ గడిలో కొండ లేదు, చెరువు లేదు, తోపు లేదు.

అందుకని రెండో మెట్టు ఎక్కుతారు. ఆ పెద్ద గళ్ళ లోపల, 3 కిలోమీటర్ల చిన్న గళ్ళతో ఇంకో మోడల్ నడుపుతారు. కనుమలు, పీఠభూములు, సముద్రపు గాలి ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. మూడో మెట్టులో 250 మీటర్ల గళ్ళకి దిగుతారు. ఇక్కడ డెన్మార్క్ వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. రీసో అనే చోట వాళ్ళ జాతీయ ప్రయోగశాలలో తయారై, 1989లో యూరప్ గాలి అట్లాసుతో పేరు తెచ్చుకుంది. పాత నగ మార్పిడికి వెళితే కంసాలి ఏం చేస్తాడు? రాళ్ళు, లక్క, తరుగు తీసేసి అసలు బంగారం ఎంతో తేలుస్తాడు. ఆ బంగారంతో కొత్త నగ చేస్తాడు. వీళ్ళూ అంతే. ఒక చోట గాలి లెక్కలోంచి అక్కడి చెట్లు, ఇళ్ళు, గుట్టల ప్రభావం తీసేసి అసలు గాలి ఎంతో తేలుస్తారు. తరవాత పక్క చోటి చెట్లు, ఇళ్ళు, గుట్టల ప్రభావం దానికి కలిపి, అక్కడ ఎంతుంటుందో చెబుతారు.

ఈ మూడు మెట్లతో తయారైనదే గ్లోబల్ విండ్ అట్లాస్. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2015లో మొదటిసారి విడుదల చేసింది. 2017లో ప్రపంచ బ్యాంకు చెయ్యి కలిపింది. 2019 కూర్పులో 10 మీటర్ల నుంచి 200 మీటర్ల దాకా అయిదు ఎత్తుల్లో గాలి చూడొచ్చు. ఒకప్పుడు ఇలాంటి పటాలు కంపెనీలు డబ్బు తీసుకుని అమ్మేవి. ఇది మాత్రం ఉచితం. మీ ఇంట్లో బ్రౌజరు తెరిచి, మీ ఊరు వెతికి చూసుకోవచ్చు.

ఈ మోడళ్ళు బయటపెట్టిన నిజాలు చిన్నవి కావు. 2009లో హార్వర్డ్‌కి చెందిన మైకెల్ మెకెల్‌రాయ్ బృందం ఇలాంటి గళ్ళ డేటాతోనే లెక్క కట్టింది. అడవులు, మంచు, ఊళ్ళు వదిలేసి, మిగతా నేల మీద గాలి ప్రపంచం అప్పట్లో వాడుతున్న కరెంటుకి 40 రెట్లకి పైగా ఇవ్వగలదని తేల్చింది. అన్నిచోట్లా మరలు పెట్టేస్తారని కాదు. గాలి సరిపోదన్న భయం అక్కర్లేదని దాని అర్థం.

మన దేశం సంగతికి వద్దాం. 2010లో చెన్నైలోని పవన విద్యుత్ సంస్థ, డెన్మార్క్ వాళ్ళతో కలిసి మొదటి భారత గాలి అట్లాస్ తెచ్చింది. 50 మీటర్ల ఎత్తులో 49 గిగావాట్లు అన్నారు. 80 మీటర్లకి 102 అన్నారు. తరవాత చేసిన సర్వేల్లో 100 మీటర్లకి 302, 120కి 695, 150కి 1,164 అయింది. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక తెలంగాణ లెక్క 100 మీటర్ల దగ్గర 4 గిగావాట్లయితే, 150 మీటర్ల దగ్గర 54 దాటింది. ఆంధ్రప్రదేశ్ 44 నుంచి 123కి పెరిగింది. గాలి పెరిగిందా? లేదు. టవరు ఎత్తు పెరిగింది, మోడల్ గళ్ళు చిన్నవయ్యాయి, ఎంత భూమి దొరుకుతుందన్న ఊహ మారింది. పేపర్లో గిగావాట్ల లెక్క కనిపిస్తే, ఏ ఎత్తులో అని అడగడం అలవాటు చేసుకోండి.

ఆంధ్రలో గాలికి పేరుపడ్డది పాత అనంతపురం జిల్లా. రామగిరి కొండల మీద 1990లలోనే మరలు వెలిశాయి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. ఆ వాన లేకపోవడానికీ, ఈ గాలి ఉండడానికీ సంబంధం ఉంది. నైరుతి రుతుపవనాలు ఆఫ్రికా తీరం వెంబడి ఉరవడిగా వచ్చి, అరేబియా సముద్రం దాటి, పడమటి కనుమలకి తగిలి తడంతా అక్కడే దింపేస్తాయి. కనుమలు దాటి పీఠభూమి మీదికొచ్చేది పొడి గాలి. ఆషాఢంలో ఆ గాలి ఎలా కొడుతుందో సీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తరాలుగా మబ్బుని తరిమేసే గాలి అని తిట్టుకున్న గాలే ఇప్పుడు కరెంటవుతోంది.

ఇక మన ఇళ్ళ దాకా వచ్చే సంగతి. మా మేనమామది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. అక్కడ టర్బైన్లని ఫ్యాన్లంటారు. ఒక రాత్రి ఫోన్ చేసి, "ఏమిరా అబ్బీ, మన మెట్ట చేను కాడ ఫ్యాన్లోళ్ళు తిరుగుతాండారు. ఎవరో బ్రోకరు రంగు కాగితం తెచ్చి, ఇదిగో మీ చేను ఎర్రగుంది, గాలి బాగుందని సర్కారు మ్యాపే చెప్తాంది, ఈ నెలలో సంతకం పెట్టమంటాడు. నీకు కంప్యూటర్లో కనపడ్తాది గదా, నిజమేనా చూడు" అన్నాడు.

చూశాను. ఎర్రగా ఉన్నది చేనుకి అవతలున్న గుట్ట. చేను ఉన్న పల్లం పసుపు. అదే చెప్పాను. "మామా, గుట్ట మీద గాలి బాగుందని పటం చెబుతోంది. మన చేన్లో అంత లేదంటోంది. కానీ అది పటం లెక్క, అక్కడ ఎవరూ కొలిచింది కాదు. వాళ్ళు కొలిచే స్తంభం ఎక్కడ పాతారో, ఎన్నాళ్ళయిందో కనుక్కో" అన్నాను. మామ ఒక నిమిషం ఊరుకుని, "కొలవాల్సిందే అయితే ఇంగ ఆ పటమెందుకురా?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. ఈ ప్రసంగం మొత్తం దానికి జవాబనుకోండి. దేశమంతా స్తంభాలు పాతలేం. ఒక్కో స్తంభానికి లక్షలవుతుంది, కనీసం ఏడాది ఆగాలి, ఒక రుతుపవనం పూర్తిగా చూడాలి. ఎక్కడ పాతాలో చెప్పేది పటం. ఆ చోట నిజంగా ఎంతుందో చెప్పేది స్తంభం. ఆ ఏడాది మంచి ఏడాదా, చెడ్డ ఏడాదా అన్నది మళ్ళీ మోడల్లోని పాత లెక్కలే చెబుతాయి. ఒకటి లేకపోతే రెండోది కుంటిది. పటం గీసినవాళ్ళు కూడా ఇది తొలి అంచనాకేనని, చివరి నిర్ణయానికి కాదని చెబుతున్నారు. నిటారు కొండల దగ్గర మోడల్ తడబడుతుంది. వేగంలో పదో వంతు తక్కువైనా శక్తి నాలుగో వంతుకి పైగా పడిపోతుందని మూడుసార్ల హెచ్చవేత చెబుతుంది కదా. ఆ తేడా బ్రోకరు కాగితం రంగులో కనపడదు.

ఇది మామ ఒక్కడి సంగతి కాదు. మనలో ఎంతోమందికి అక్కడ పెద్దల నాటి మెట్ట భూములున్నాయి. "గాలిమరలొస్తాయట, నాలుగెకరాలు కొని పడేద్దాం" అని డాలర్లు పంపేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నాలుగు మాటలు. పటం మీరే తెరిచి చూడండి, ఎవరో ఇచ్చిన కాగితం కాదు. 10 మీటర్ల రంగు కాదు, 100, 150 మీటర్ల రంగు చూడండి. కొలత ఎక్కడ, ఎన్నాళ్ళు చేశారని అడగండి. అమ్మమంటున్నారా, కౌలుకా, కౌలయితే ఏడాదికి ఇంతనా, పండిన కరెంటులో వాటానా అన్నది వకీలుకి చూపించాకే సంతకం పెట్టించండి.

వాటా మాట ఎందుకన్నానంటే, మనం కార్ల్స్‌బాడ్ గుహలకి వెళ్తూ ఐ-20 మీద ఆబిలీన్ దాటాక చూసే మరల కింద పత్తి చేలు ఉంటాయి. అక్కడి రాస్కోలో ఒక పత్తి రైతు చొరవ తీసుకుని ఇరుగుపొరుగుని కూడగట్టాడు. అందరూ కలిసి కంపెనీతో బేరమాడారు. 2009లో పూర్తయ్యేసరికి 627 టర్బైన్లతో అది ప్రపంచంలో అన్నిటికంటే పెద్దది. భూమి రైతులదే, పత్తి రైతులదే, గాలికి మాత్రం అద్దె వస్తుంది. చట్టాలు వేరు, కమతాలు వేరు, మన దగ్గర అచ్చం అలాగే జరుగుతుందనను. కానీ తన నేల మీద ఏముందో తెలిసిన రైతు బేరం వేరేగా ఉంటుంది.

మామ ఆ నెల సంతకం పెట్టలేదు. పక్క చేలవాళ్ళతో కలిసి వెళ్ళి, స్తంభం సంగతి అడిగాడు. అది గుట్ట మీదే ఉందట, పాతి అయిదు నెలలయిందట. ఏడాది నిండాక రమ్మని చెప్పి పంపారు. ఇప్పుడు ఊళ్ళో ఒక కుర్రాడి ఫోన్లో ఆ పటం ఉంది. బ్రోకర్లు కాగితం తెస్తే, ముందు ఆ కుర్రాణ్ణి పిలుస్తున్నారట.

 ఈ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, మన ఊళ్ళో ఏ నెలలో ఏ వైపు గాలి ఎక్కువని పెద్దవాళ్ళని ఒకసారి అడగండి. తరవాత పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పటం తెరిచి చూడండి. వాళ్ళు చెప్పిందీ, పటం చెప్పిందీ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో మాకు రాసి పంపితే ఇంకో ఆదివారం మాట్లాడుకుందాం. సెలవు.